పది రోజులు లెక్కపెట్టిన, గోర్లు కొరుకుడు తగ్గకపాయె, ఇంకా ఎక్కువైంది. ఏం చెయ్యాలె?

చిక్కడపల్లి_రీడర్:

అందరికీ నమస్తే. నాకు 26 ఏండ్లు, మాది నల్గొండ దిక్కు, మూడేండ్ల నుంచి అశోక్‌నగర్‌ల రూమ్ తీసుకొని గ్రూప్స్‌కి చదువుతున్న. గోర్లు కొరికే అలవాటు రెండో తరగతి నుంచే ఉంది. చిన్నప్పుడు అమ్మ వేపనూనె రాసింది, కాకరకాయ రసం రాసింది, ఒకసారి పచ్చిమిరపకాయ కూడా రుద్దింది, అదే చేత్తోని కండ్లు నలుపుకొని రెండు గంటలు ఏడ్చిన గానీ అలవాటు మాత్రం పోలే. గోర్లు కొరికితే ఇంట్ల దరిద్రం పడ్తదని నాయనమ్మ రోజూ అనేది, బడిల సార్లు స్కేల్‌తోని వేళ్ల మీద కొట్టిండ్రు. ఇవన్నీ అయినంక కూడా ఇయ్యాల నా పది వేళ్లల్ల ఒక్క దానికి తెల్ల గోరు లేదు.

ఇన్నేండ్లు ఎట్లనో నడిచింది గానీ పోయిన నెల కుడిచెయ్యి బొటనవేలికి గోరుచుట్టు లేసింది. గోరు పక్కన తోలు పండ్లతోని పీకి పీకి పుండయింది, రెండు రోజులల్ల వేలు ఉబ్బి చీము పట్టింది, రాత్రంతా ఒకటే సలుపుడు, నిద్ర లేదు. డాక్టర్ చిన్న కోత పెట్టి చీము తీసి కట్టు కట్టిండు. ఆ వారంలనే మెయిన్స్ మాక్ టెస్ట్, పెన్ను పట్టుకోరాలే, మూడు గంటల పేపర్‌ల గంటన్నరకే లేసి బయటికొచ్చిన. గోరుచుట్టు మీద రోకలిపోటు అని చిన్నప్పటి నుంచి వింటనే ఉన్న, ఆ రోజు అర్థమైంది. ఇగ ఈసారి దీని సంగతి చూడాల్సిందే అనుకున్న.

ఏ అలవాటైనా ముందు లెక్కపెట్టాలె, లెక్కపెడ్తే సగం అదే తగ్గుతది అని ఎక్కడనో చదివిన. అందుకే పూజ సామాన్ల షాపుల దొరికే జపం కౌంటర్ కొన్న, వేలికి ఉంగరం లెక్క పెట్టుకుంటరు కదా బటన్ ఉంటది, అది. నోట్ల వేలు పెట్టిన ప్రతిసారి ఒక నొక్కు. మొదటి రోజు 19 వచ్చింది, ఓహో అంత ఎక్కువేం లేదే అనుకున్న, రెండో రోజు 24, మూడో రోజు 31, తర్వాత వరుసగా 44, 39, 47, 42, 45, 40, 46. తగ్గుడు పక్కన పెట్టు, డబుల్ కంటే ఎక్కువైంది. చూసినకొద్దీ టెన్షన్, టెన్షన్ పడ్తే మళ్ళ చెయ్యి నోట్లకే పోతుంది.

నా డౌట్లు ఏందంటే లెక్కపెట్టుడు వల్లనే పెరిగిందా, అట్లయితే ఆపెయ్యాల్నా. ఇంకోటి చదువుకునేటప్పుడు చానా సార్లు కొరికినంక తెలుస్తుంది, అంటే నా లెక్క కూడా సరిగ్గ లేదు. ఒక ఉత్త నంబర్ పెట్టుకొని ఏం చెయ్యాల్నో కూడా తెలుస్తలేదు. ఎవరన్నా ఇది దాటి వచ్చినోళ్లు ఉంటే చెప్పుండ్రి. మనసు గట్టిగ చేస్కో అని మాత్రం చెప్పకుండ్రి, ఇరవై ఏండ్ల నుంచి అదే చేస్తున్న.

విశాఖ_టీచరక్క:

తమ్ముడూ, ముందు కౌంటర్ పక్కన పడేయకు. నేను విశాఖపట్నంలో స్పెషల్ ఎడ్యుకేటర్‌ని, పిల్లల ప్రవర్తన గమనించి రాసుకోవడమే నా రోజువారీ పని, 14 ఏళ్లుగా చేస్తున్నా. నీ నంబర్లు చూస్తే నాకు భయం వెయ్యలేదు, సంతోషం వేసింది. మొదటి రోజు నువ్వు 19 సార్లే కొరికావని నేను అనుకోవట్లేదు, 19 సార్లు మాత్రమే నీకు తెలిసింది. నాలుగో రోజు నుంచి చూడు, 39 నుంచి 47 మధ్యే తిరుగుతోంది, అంటే అలవాటు పెరగలేదు, నీ కన్ను పడటం పెరిగింది. ఇన్నాళ్లూ నీకు తెలియకుండా జరిగినవి ఇప్పుడు తెలుస్తున్నాయి అంతే.

1973లో అజ్రిన్, నన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు అమెరికాలో హ్యాబిట్ రివర్సల్ అనే పద్ధతి రాశారు, గోళ్లు కొరకడం, జుట్టు పీక్కోవడం, ముఖం మెలితిప్పడం లాంటి వాటికి. ఇప్పటికీ థెరపిస్టులు దాని మీదే ఆధారపడతారు. అందులో మొట్టమొదటి మెట్టే ఇది, చెయ్యి ఎప్పుడు లేస్తోందో మనకి తెలియడం. అది రాకుండా మిగతావి ఏం చేసినా నిలబడవు. వేపనూనె ఎందుకు పనిచెయ్యలేదంటే అది నోటి దగ్గర కాపలా కాస్తుంది, చెయ్యి ఎక్కడ నుంచి ఎందుకు బయలుదేరిందో దానికి తెలీదు కదా.

అయితే నీ లెక్కలో ఒక లోపం ఉంది, "ఒకసారి" అంటే ఏంటో నువ్వు నిర్ణయించుకోలేదు. వేలు పెదవికి తగిలితే ఒకటా, పంటితో కొరికితే ఒకటా, ఒకే వేలు ఐదు నిమిషాలు కొరికితే ఒకటా ఐదా? మా బడిలో ఇద్దరు టీచర్లు ఒకే బాబుని గమనించి ఒకరు 12 అని ఇంకొకరు 30 అని రాస్తారు, ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, ఎవరి లెక్క వాళ్లది. కాబట్టి ఇలా పెట్టుకో, పన్ను గోరుకి గానీ పక్క చర్మానికి గానీ తగిలితే మొదలు, చెయ్యి నోటి నుంచి తీసి ఒక నిమిషం దాటితే అయిపోయినట్టు, ఆ మొత్తం కలిపి ఒక్కటి. వేళ్లు మారినా ఒక్కటే. ఇది నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకో, మధ్యలో మార్చకు.

నంబర్‌తో పాటు మూడు ముక్కలు రాయి, దానికి ముందు ఏం జరుగుతోంది, ఏ వేలు ఎంతసేపు, ఆ తర్వాత ఏమైంది. మొదటిది అన్నిటికన్నా ముఖ్యం. "టెన్షన్" అని రాయకు, టెన్షన్ కంటికి కనపడదు. "ఎకానమీ బుక్ చదువుతున్నా, మూడో పేజీ, ఎడమ చెయ్యి ఖాళీగా గడ్డం కింద ఉంది" అని రాయి, అంటే పక్కన నిలబడి వేరే మనిషి చూసినా అదే రాయగలిగేలా ఉండాలి. తర్వాత ఏమైంది అంటే గరుకుగా ఉన్న అంచు పోయింది, హాయిగా అనిపించింది, నొప్పి పుట్టింది, ఏదైతే అది.

చదువులో పడిపోయినప్పుడు తెలియట్లేదు అన్నావు కదా, దానికి మేము వాడే చిట్కా ఒకటుంది. ఫోన్‌లో 15 నిమిషాలకొకసారి వైబ్రేషన్ పెట్టుకో, మోగినప్పుడు ఈ 15 నిమిషాల్లో జరిగిందా లేదా అని ఒక టిక్ లేదా ఒక సున్నా, ఎన్నిసార్లు అని అక్కర్లేదు. ఇంకోటి ప్రతి ఆదివారం ఒకే వెలుతురులో రెండు చేతులూ టేబుల్ మీద పెట్టి ఫోటో తీసి, స్కేల్ పెట్టి గోరు మొదలు నుంచి చివరికి ఎన్ని మిల్లీమీటర్లో రాసుకో. నువ్వు లెక్క మర్చిపోయినా గోరు మర్చిపోదు, రెండు లెక్కలూ ఒకే దారిలో పోతున్నాయో లేదో అక్కడ తెలుస్తుంది.

ఈ వారం మానడానికి ప్రయత్నించకు, నిజంగా చెప్తున్నా. ఉన్నది ఉన్నట్టు రాయి చాలు. వారం తర్వాత నీ నోట్‌బుక్‌లో ఏముందో ఇక్కడ పెట్టు, అప్పుడు మాట్లాడదాం.

గుంటూరు_అమ్మ:

ఈ పోస్ట్ చదివి నా గుండె చెరువయ్యింది తమ్ముడు, మా పాప కూడా ఇంతే, మూడో తరగతి. నేను కూడా మీ అమ్మగారు చేసినవన్నీ చేశాను, కొట్టాను కూడా, ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటది. చెయ్యి తియ్యి చెయ్యి తియ్యి అని రోజుకి వందసార్లు అనేదాన్ని, అది నా ముందు తీసేది, పక్క గదిలోకెళ్లి కొరికేది. చివరికి ఏమైందంటే నన్ను చూస్తేనే చేతులు వెనక్కి పెట్టుకోవడం మొదలెట్టింది, అలవాటు పోలేదు గానీ పిల్ల నాకు దూరమయ్యింది.

తర్వాత వాళ్ల క్లాస్ టీచర్ చెప్పారని అనడం మానేసి ఊరికే చూడ్డం మొదలుపెట్టాను. వంటింట్లో క్యాలెండర్ వెనకాల గీతలు పెట్టేదాన్ని దానికి తెలీకుండా. వారం చూస్తే తొంభై వంతులు టీవీ ముందే, మిగతాది హోంవర్క్‌లో లెక్కలు రానప్పుడు. ఆడుకునేటప్పుడు ఒక్క గీత లేదు, బువ్వ తినేటప్పుడు లేదు, తమ్ముడితో దెబ్బలాడేటప్పుడు కూడా లేదు. అంటే చేతికి పని లేనప్పుడే అనమాట. ఇప్పుడు టీవీ చూసేటప్పుడు చిక్కుడుకాయలు ఈనె తియ్యమని ఇస్తా, లేదంటే బఠానీలు ఒలుస్తది, పూల రోజు అయితే మాల కడతది. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్న వారం అయితే అసలు నోట్లో పెట్టలేదు, పండిన వేళ్లు చూసుకుంటా మురిసిపోయింది, ఆ వారం గోళ్లు కొంచెం పెరిగాయి కూడా.

ఇంకో మాట, పిల్లలున్నవాళ్లు నులిపురుగుల సంగతి చూసుకోండి. గోళ్ల సందుల్లో గుడ్లు ఉండి నోట్లోకి పోతాయి, రాత్రిళ్లు దురద పెడతది, గోకుతారు, మళ్లీ నోట్లో పెడతారు, ఇలా తిరుగుతానే ఉంటది. మా పాపకి అదే అయింది. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 నులిపురుగుల దినం అని బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ ఇస్తారు కదా, ఆ రోజు బడికి పోకపోతే తర్వాత అడిగి వేయించండి.

టీచరక్కా, ఒక సందేహం, మా పాపని కూడా సొంతంగా లెక్క రాయమనొచ్చా, ఎనిమిదేళ్లకి అది ఎక్కువవుతదా?

విశాఖ_టీచరక్క:

అమ్మా, రాయమనొచ్చు గానీ కొరికినవి కాకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నవి రాయమనండి. ఒక చిన్న డబ్బాలో చింతగింజలు పెట్టి, నోటిదాకా వెళ్లి తనంతట తనే ఆగిన ప్రతిసారీ ఒక గింజ వెయ్యమనండి. సాయంత్రం ఇద్దరూ కూర్చుని లెక్కపెట్టుకోండి, ఆ లెక్కపెట్టే పది నిమిషాలే తనకి బహుమతి. తగ్గిన రోజు ఏమీ అనకండి. మీరు తిట్టడం ఆపి చూడటం మొదలుపెట్టారు చూడండి, ఎనిమిదేళ్ల పిల్ల విషయంలో అంతకన్నా పెద్ద పని లేదు.

చిక్కడపల్లి_రీడర్:

అక్కా, వారం అయిపోయింది. నువ్వు చెప్పినట్టే మానకుంట రాసిన, 200 పేజీల నోట్‌బుక్‌ల రామకోటి రాసినట్టు రాసిన. ఏడు రోజులల్ల మొత్తం 163. నువ్వు చెప్పిన లెక్క ప్రకారం అంటే రోజుకి 23 చిల్లర.

ఇందుల బుక్కు గానీ పేపర్ గానీ చదివేటప్పుడు 71. ఫోన్‌ల వీడియో క్లాసులు చూసేటప్పుడు 38. అరిథ్‌మెటిక్ చేస్తూ ఆన్సర్ రానప్పుడు 22. రాత్రి పండుకొని ఫోన్ చూసేటప్పుడు 19. మిగిలిన అన్నిటికి కలిపి 13. నేను ఇరవై ఏండ్ల నుంచి నాది టెన్షన్ అనుకుంటున్న, ఎగ్జామ్ టెన్షన్, ఇంటి టెన్షన్ అని. కానీ ఆదివారం మాక్ టెస్ట్ రాసినప్పుడు, నిజంగ టెన్షన్ ఉన్నప్పుడు, రెండే సార్లు. మెయిన్స్ ఆన్సర్లు రాస్తున్నప్పుడు సున్నా. దోస్తులతోని చాయ్ తాగుతుంటే సున్నా. నాకు ఇది అస్సలు తెలియదు. కుడిచెయ్యి 32, ఎడమ చెయ్యి 131, ఎందుకంటే కుడిచేత్తోని పేజీ తిప్పుతనో పెన్సిల్ పట్టుకుంటనో, ఎడమ చెయ్యి ఖాళీ.

ఇంకోటి అక్కా, ఇది రాసుకుంటుంటేనే మూడో రోజు కనపడింది. నేను డైరెక్ట్‌గ నోట్లె పెట్టుకోను. ముందు బొటనవేలితోని మిగిలిన నాలుగు వేళ్ల గోర్లు ఒక్కొక్కటి తడుముకుంట పోత, చూపుడువేలు నుంచి చిటికెనవేలు దాకా మళ్ళ వాపస్. ఎక్కడనన్న గరుకు తగిల్తే అక్కడ ఆగుతది బొటనవేలు, దాన్నే రుద్దుతది, ఇగ దాన్ని సాఫ్ చెయ్యకుంటే మనసు ఊకోదు, అప్పుడు చెయ్యి నోట్లకి పోతది. కొరికితే ఆ గరుకు పోతది గానీ పక్కన ఇంకో గరుకు తయారైతది, మళ్ళ దాన్ని వెతుకుడు. 163ల 118 సార్లు ఈ తడుముడు రాసి ఉంది, మిగిలినవి నేను పట్టుకోలేదేమో. తడుముడు మొదలైనంక నోట్లకి పోవడానికి ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు పడ్తుంది. ఆ రెండు మూడు నిమిషాలు ఇన్నేండ్లు నాకు తెలియనే తెలియదు.

రెండు చేతుల ఫోటో తీసిన. ఎడమ చూపుడువేలు గోరు 7 మిల్లీమీటర్లు ఉంది.

పళ్ల_డాక్టర్_కర్నూలు:

మీ నోట్‌బుక్‌లో ఆ తడుముడు అన్న లైన్ చదివి ఈ రిప్లై పెడుతున్నానండి. గరుకు అంచే మొదలైతే ఆ గరుకే లేకుండా చెయ్యడం అన్నిటికన్నా తేలిక కదా. నెయిల్ కట్టర్‌కి మడిచి ఉండే చిన్న ఆకురాయి లాంటిది ఉంటుంది, లేదా నెయిల్ ఫైల్ అని ఫ్యాన్సీ షాపుల్లో దొరుకుతుంది, జేబులో పెట్టుకోండి. గరుకు తగిలిన వెంటనే పంటికి బదులు దాంతో ఒకే వైపుకి రెండు సార్లు రుద్దండి. రాత్రి పడుకునేముందు గోరు చుట్టూ చర్మానికి కొబ్బరినూనె గానీ వాజలిన్ గానీ రాయండి, ఎండి లేచిన తోలు పోగులే మిమ్మల్ని మళ్లీ లాగుతాయి.

చేతి గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మొదలు నుంచి చివరిదాకా కొత్త గోరు రావాలంటే నాలుగు నుంచి ఆరు నెలలు. కాబట్టి రెండు వారాల్లో ఫోటోలో తేడా కనపడలేదని నిరాశ పడొద్దు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరు ముందు పళ్ల అంచులు అరిగిపోయి, చిన్న చిన్న పెచ్చులు లేచి, కారణం ఏంటో తెలీక వస్తారు, చేతులు చూపించమంటే అప్పుడు బయటపడుతుంది. దవడ నొప్పి, చిగురులో గోరు ముక్క గుచ్చుకుని వాపు రావడం కూడా చూస్తుంటాం. గోరు పక్కన పులిపిర్లు ఉన్నవాళ్లు కొరికితే అవి మిగతా వేళ్లకీ, పెదవులకీ పాకుతాయి.

గోరుచుట్టు మళ్లీ వచ్చేలా ఉంటే, అంటే ఎర్రబడి నొప్పి మొదలైతే, చీము పట్టకముందే గోరువెచ్చని నీళ్లలో రోజుకి మూడు నాలుగు సార్లు పది పదిహేను నిమిషాలు ముంచండి. తగ్గకపోయినా, చీము కనిపించినా, ఎరుపు పైకి పాకినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి, సూదితో ఇంట్లో పొడుచుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్లయితే మొదటి రోజే వెళ్లాలి.

డాలస్_తెలుగోడు:

బ్రదర్, నాది 38 ఏళ్ల వయసులో పోయింది, అందుకే రాస్తున్నా. మాది తెనాలి, ఇక్కడికొచ్చి 11 ఏళ్లు, సాఫ్ట్‌వేర్. నా రోజంతా వీడియో మీటింగులే, కెమెరా ఆఫ్ చేసి గంటలు గంటలు వింటూ కూర్చుంటే చెయ్యి నోట్లోనే ఉండేది. చేదు నెయిల్ పాలిష్ వాడాను, డినాటోనియం బెంజోయేట్ అని చాలా చేదు పదార్థం ఉంటుంది అందులో, మొదటి వారం బానే పనిచేసింది, రెండో వారానికి ఆ చేదు అలవాటైపోయింది, పైగా చేత్తో అన్నం కలుపుకుంటే పప్పు కూడా చేదు. వదిలేశా. కొందరికి అది పనిచేస్తుంది, కాదనను, నాకు చెయ్యలేదు.

నాకు పనిచేసింది ఏంటంటే, 2023లో జర్మనీ హాంబర్గ్ యూనివర్సిటీ మెడికల్ సెంటర్ వాళ్లు ఒక స్టడీ చేశారు, గోళ్లు కొరకడం, జుట్టు పీక్కోవడం, చర్మం గిల్లుకోవడం ఉన్న 268 మంది మీద, ఆరు వారాలు. చాలా సింపుల్, కొరకాలనిపించినప్పుడు బొటనవేలి కొనతో మిగతా వేళ్ల కొనలని గానీ, అరచేతిని గానీ, మోచేతి కింద గానీ మెత్తగా నెమ్మదిగా నిమరడం, గట్టిగా కాదు, ఈక తగిలినట్టు. రోజుకి రెండుసార్లు ఊరికే ప్రాక్టీస్ కూడా చెయ్యాలి. అది నేర్చుకున్నవాళ్లలో సగం కంటే కొంచెం ఎక్కువ మందికి తగ్గింది, నేర్పకుండా వెయిటింగ్‌లో పెట్టినవాళ్లలో ఐదో వంతు మందికే తగ్గింది, అందులోనూ గోళ్లు కొరికేవాళ్లకే బాగా పనిచేసింది. సగం మందికి తగ్గలేదు కూడా, అది కూడా గుర్తుపెట్టుకో.

నువ్వు రాసిన తడుముడు చూస్తే నీ బొటనవేలు ఆల్రెడీ ఆ పనే చేస్తోంది బ్రదర్, కాకపోతే గోరు అంచు వెతుకుతోంది. దాన్ని ఒక అర అంగుళం కిందకి దింపి వేలి మెత్తటి భాగం మీద తిప్పితే చాలేమో. నేను అదే చేశా, మీటింగ్‌లో టేబుల్ కింద, ఎవరికీ తెలీదు. నాలుగు నెలలు పట్టింది.

విశాఖ_టీచరక్క:

తమ్ముడూ, నీ నోట్‌బుక్ మా ట్రైనింగ్‌కి వచ్చే టీచర్లకి చూపించాలనిపిస్తోంది. 2007లో కాలేజీ స్టూడెంట్ల మీద ఒక ప్రయోగం వచ్చింది, ఏ పనీ లేకుండా ఒంటరిగా కూర్చోబెట్టినప్పుడు, కష్టమైన లెక్కలిచ్చినప్పుడు ఎక్కువ కొరికారు, పక్కన మనిషి ఉండి మాట్లాడుతుంటే తక్కువ. నీ 71, నీ 22, చాయ్ దగ్గర సున్నా, అదే కదా.

ఇప్పుడు రెండో మెట్టు. ఇకమీదట నువ్వు పట్టుకోవాల్సింది కొరకడాన్ని కాదు, తడుముడుని. బొటనవేలు కదిలిందని తెలిసిన క్షణం బదులు పని మొదలుపెట్టాలి. ఆ బదులు పని ఎలా ఉండాలంటే, అది చేస్తుంటే కొరకడం కుదరకూడదు, చదువు ఆగకూడదు, లైబ్రరీలో పక్కవాళ్లకి తెలియకూడదు. అజ్రిన్ వాళ్లు పిడికిలి బిగించడం, ఏదైనా వస్తువు పట్టుకోవడం చెప్పారు, ఒకటి నుంచి మూడు నిమిషాలు. నీ కుడిచెయ్యి ఎందుకు తక్కువ కొరుకుతోందో నువ్వే రాశావు, దానికి పెన్సిల్ ఉంది. ఎడమ చేతికి కూడా ఏదైనా ఇవ్వు, నున్నటి రాయి, రబ్బరు, బరువైన కీచైన్. వీడియో క్లాసులప్పుడు మాత్రం డాలస్ తమ్ముడు చెప్పిన నిమరడం చేసి చూడు. ఏది ఏ చోట పనిచేసిందో మళ్లీ నోట్‌బుక్కే చెప్తుంది, నేను చెప్పక్కర్లేదు.

రోజూ పొద్దున ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని, లైబ్రరీలో కూర్చున్నట్టు, బొటనవేలు కదిలినట్టు, వెంటనే రాయి పట్టుకున్నట్టు ఊహించుకుని నిజంగా చేతితో చెయ్యి. రూమ్మేట్‌కి చెప్పు, కానీ "మళ్లీ కొరుకుతున్నావ్" అని అనొద్దని చెప్పు, ఇద్దరికే తెలిసిన ఒక మాట పెట్టుకోండి. కొరికినప్పుడు కన్నా కొరకనప్పుడు అతను గుర్తించి ఒక మాట అంటే చాలా బలం.

ఇంకో విషయం ఇది చదివే అందరికీ. కొరికి కొరికి రక్తాలు కారుతున్నా ఆగలేకపోవడం, దానివల్ల నలుగురిలోకి వెళ్లలేకపోవడం, మనసంతా దిగులుగా ఉండటం ఉంటే నోట్‌బుక్‌తో సరిపెట్టుకోకండి. సైకాలజిస్టుని కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

చిక్కడపల్లి_రీడర్:

ఆరు వారాల తర్వాత మళ్ళ వచ్చిన. ముందు నంబర్లు. బదులు పని మొదలుపెట్టిన మొదటి వారం 96, రెండో వారం 58, మూడో వారం 61, నాలుగో వారం 34, ఐదో వారం 27, పోయిన వారం 15. 163 నుంచి 15.

రాయి కృష్ణా నదిది, నాగార్జునసాగర్ పోయినప్పుడు మా చెల్లె ఏరిచ్చింది, నున్నగ చింతపండు ఉండంత ఉంటది. చదివేటప్పుడు ఎడమ చేతిల అదే. మొదటి రెండు రోజులు రాయి పట్టుకున్న సంగతే మర్చిపోయి టేబుల్ మీద పెట్టి కొరుక్కుంట కూర్చున్న, తర్వాత బుక్కు ఎడమ పేజీ మీద రాయి పెట్టుడు మొదలుపెట్టిన, పేజీ తిప్పాలంటే రాయి తియ్యాల్సిందే, తీస్తే చేతిలకి వచ్చుడే. అది బాగా పనిచేసింది. నిమురుడు వీడియోలప్పుడు పనిచేసింది. రాత్రి పండుకొని ఫోన్ చూసుడుకి మాత్రం ఏదీ పనిచెయ్యలే, అందుకే ఫోన్ చార్జింగ్ తలుపు దగ్గర పెడ్తున్న, ఆ 19 అట్లనే పోయింది. జేబుల నెయిల్ ఫైల్ ఉంటది, డాక్టర్ గారికి మస్తు థాంక్స్, గరుకు లేకపోతే బొటనవేలు వెతికి వెతికి అదే ఊకుంటుంది.

మూడో వారం ఎందుకు పెరిగిందో కూడా రాసి ఉంది. ఆ వారం ఎగ్జామ్ వాయిదా అని వార్త వచ్చింది, బుధవారం ఒక్క రోజే 21. పాత నేనైతే ఇగ నాతోని కాదని అక్కడ్నే ఇడిచిపెట్టేటోన్ని. నోట్‌బుక్ తీసి చూస్తే ఆ 21ల 17 సార్లు చేతిల రాయి లేదు, ఫోన్ ఉంది, వాయిదా వార్తలే మళ్ళ మళ్ళ చూస్కుంట కూర్చున్న. గురువారం రాయి పట్టుకొని లైబ్రరీకి పోయిన, 6.

రూమ్మేట్‌తోని పెట్టుకున్న మాట "చాయ్". నేను తడుముకుంటుంటే చాయ్ అంటడు, ఒక్కోసారి నిజంగనే లేసి ఇద్దరం చాయ్‌కి పోతం.

ఎడమ చూపుడువేలు 7 నుంచి 10 మిల్లీమీటర్లయింది. ఎడమ చిటికెనవేలు ఒక్కటి ఇంకా దారికి రాలే, 15ల 9 దానివే, ఎందుకో ఇంకా పట్టుకోలేదు, ఈ వారం దాని ఒక్కదానికే వేరే పేజీ పెట్టి రాస్తున్న. మొన్న ఊరికి పోతే అమ్మ అన్నం పెట్టుకుంట నా చెయ్యి పట్టుకొని తిప్పి చూసింది. ఏం అనలే, కొంచెంసేపు అట్లనే పట్టుకొని ఇడిచిపెట్టింది.

గుంటూరు అక్కా, పాప చింతగింజల డబ్బా ఎంత దాకా వచ్చింది?

గుంటూరు_అమ్మ:

నిన్న 14 గింజలు తమ్ముడు. నీ రాయి సంగతి చెప్పాను, తనకీ ఒకటి కావాలంట, ఈ ఆదివారం కృష్ణ ఒడ్డుకి తీసుకెళ్తున్నా.